పాముకాటు – మూత్రపిండాలకు ఆకస్మిక హాని: కృష్ణా డెల్టా ఉదాహరణ

గత భాగంలో నెఫ్రాన్ నిర్మాణాన్ని, రక్తకేశనాళికాగుచ్ఛంలో జరిగే గాలనాన్ని చదివారు. ఆ గాలనం కొద్ది గంటల్లో, లేదా కొద్ది రోజుల్లో హఠాత్తుగా పడిపోతే దానిని మూత్రపిండాల ఆకస్మిక హాని అంటాం. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోవడం, కాన్పులో రక్తస్రావం, తీవ్రమైన ఇన్ఫెక్షన్, కొన్ని మందులు – కారణాలు అనేకం. ఇక్కడ ఒక్కదాన్నే తీసుకుందాం: పాముకాటు. ఉద్దానంలోను, ఎ.కొండూరులోను కనిపించే మూత్రపిండ వ్యాధితో దీనిని కలపకండి. అది దీర్ఘకాలికం, ఏళ్ళ తరబడి ముదురుతుంది. ఇది రోజుల్లో ముంచుకొస్తుంది. అయితే సకాలంలో పట్టుకుంటే చాలామందిలో మూత్రపిండం తిరిగి కోలుకుంటుంది. అందుకే ముందుగా గుర్తించడం మీద ఇంత పరిశోధన జరుగుతోంది.

దివిసీమలో 2018

2018 ఆగస్టులో, సార్వా పనుల రోజుల్లో, దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అవనిగడ్డ ఆసుపత్రికి వరుసగా బాధితులు వచ్చారు. నెలాఖరులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో ప్రభుత్వమే సర్పశాంతి పూజలు తలపెట్టడం దేశమంతటా వార్త అయింది. ఆ చర్చలో పాము గురించి, పూజ గురించి చాలా విన్నాం. మూత్రపిండం గురించి దాదాపు ఏమీ వినలేదు.

డెల్టాలో పాముకు, మనిషికి మధ్య ఎడం తక్కువ. వరి ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న గట్టులో పాముంటుంది. వానకు బొరియలు నిండితే పాము గట్టెక్కుతుంది. ఆ గట్టు మీదే మనం ఉత్త కాళ్ళతో నడుస్తాం. కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషమున్నవాటిలో నాగుపాము, కట్లపాము ప్రధానంగా నాడీమండలాన్ని దెబ్బతీస్తాయి. మూత్రపిండానికి అసలు శత్రువు రక్తపింజరి.

ఈ పాముకు, తెలుగువారికి పాత సంబంధం ఉంది. 18వ శతాబ్దం చివరలో విశాఖపట్నంలో ఉండి కోరమండల్ తీరపు పాములను అధ్యయనం చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీనిని తెలుగు పేరుతోనే, ‘కాటుకరేకుల పొడ’ అని నమోదు చేశాడు. వీపు మీది నల్ల అంచుల మచ్చలను చూస్తే ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. ఇప్పుడు ఇంగ్లీషులో ఆ పాము రస్సెల్ పేరుతోనే ఉంది.

విషం ఏం చేస్తుంది?

రక్తపింజరి విషంలోని ఎంజైములు రక్తస్కందన కారకాలను, ముఖ్యంగా 5, 10 కారకాలను, అదుపు లేకుండా ఉత్తేజపరుస్తాయి. ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది. అందువల్ల ఒకే మనిషిలో రెండు విరుద్ధమైన పనులు జరుగుతాయి. పెద్ద నాళాల్లో రక్తం గడ్డకట్టదు, చిగుళ్ళ నుంచి కూడా కారుతుంది. సన్నని కేశనాళికల్లో మాత్రం చిన్న చిన్న గడ్డలు అడ్డుపడతాయి. నెఫ్రాన్ మొదటి మెట్టే కేశనాళికల గుచ్ఛం కదా! దీనికి తోడు రక్తపోటు పడిపోతుంది, పగిలిన ఎర్రకణాల నుంచి వచ్చిన హిమోగ్లోబిన్ వృక్కనాళికల్లో పేరుకుంటుంది, విషం ఆ నాళికల కణాలను నేరుగా కూడా చంపుతుంది. నాళికలు చనిపోతే మళ్ళీ పుడతాయి. వల్కలం మొత్తం చనిపోతే ఆ నష్టం చాలావరకు శాశ్వతం.

ప్రయోగశాలలో క్రియాటినిన్

అంతర్జాతీయంగా నేడు వాడే కెడిగో ప్రమాణాలు 2012లో వచ్చాయి. సీరం క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 మిల్లీగ్రాములు (డెసిలీటరుకు) పెరిగినా, 7 రోజుల్లో మునుపటికి ఒకటిన్నర రెట్లు అయినా, 6 గంటల పాటు మూత్రం కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కంటే తగ్గినా ఆకస్మిక హాని ఉన్నట్లే. మూడింటిలో ఒక్కటి చాలు.

ఇక్కడే చిక్కుంది. క్రియాటినిన్ కండరాల నుంచి నిదానంగా తయారయ్యే వ్యర్థం. గాలనం ఈ గంటలో ఆగిపోయినా, రక్తంలో అది పోగుపడి కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండో చిక్కు మన ఊళ్ళది. ఒక రైతుకూలీ క్రియాటినిన్ మామూలుగా 0.7 అనుకోండి. కాటు తరువాత అది 1.1 అయింది. రిపోర్టులో ‘నార్మల్’ అనే ఉంటుంది. నిజానికి ఒకటిన్నర రెట్లు దాటింది. కాటుకు ముందు ఎప్పుడూ పరీక్ష చేయించుకోని మనిషికి ఆ 0.7 ఎవరికి తెలుసు?

అందుకే క్రియాటినిన్ కంటే ముందు మాట్లాడే సూచికల కోసం వెదుకులాట మొదలైంది. ఎన్‌గాల్, సిస్టాటిన్ సి, క్లస్టరిన్ వంటి ప్రోటీన్లను రక్తంలో, మూత్రంలో కొలిచి చూస్తున్నారు. మనలాగే వరి పండించే శ్రీలంకలో రక్తపింజరి బాధితుల మీదనే ఇటువంటి అధ్యయనాలు జరిగాయి. ఆశాజనకమైన పనే. కాని మండల కేంద్రంలో రాత్రి పదింటికి ఆ పరీక్ష దొరకదు. దొరికేది గాజు నాళిక, కొలత గీతలున్న సీసా. నా దృష్టిలో ఆ రెండూ సక్రమంగా వాడితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

గాజు నాళిక పరీక్ష ఇది. కొత్తది, శుభ్రమైనది, పొడిగా ఉన్న గాజు నాళికలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒక్కసారి వంచాలి. రక్తం జారితే గడ్డకట్టలేదన్నమాట, అంటే విషం పనిచేస్తోంది. ప్లాస్టిక్ నాళిక పనికిరాదు. గాజు ఉపరితలమే స్కందనాన్ని ప్రారంభిస్తుంది కాబట్టి సబ్బుతో కడిగినది కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ఇక మూత్రం. మా ఊరు దివిసీమలోనే. చాలా ఏళ్ళ కిందట మా పొరుగాయనకు మడమ మీద కాటు పడింది. ఒక ఆసుపత్రిలో ఇంజెక్షన్లు చేసి, వాపు తగ్గిందని మర్నాడు ఇంటికి పంపేశారు. మూడోనాడు ముఖం ఉబ్బింది. ‘ఒంటేలు ఎన్నిసార్లు పోశావు బాబాయ్?’ అని నేను అడిగితే, ‘నిన్న పొద్దున్నే అనుకుంటా’ అన్నాడు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. ఊరి నుంచి డయాలిసిస్‌కు విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. ఆయన బతికాడు, అయితే ఆ ఏడు పొలం కౌలుకు పోయింది.

నివారణలో పనికొచ్చేవి, రానివి

మూత్రపిండాన్ని కాపాడే ప్రత్యేకమైన మందు ఇంతవరకు లేదు. తక్కువ మోతాదు డోపమిన్ కాపాడుతుందని చాలాకాలం నమ్మారు. 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల పరీక్షలో అది ప్రయోజనం లేనిదని తేలింది. పాముకాటులో మిగిలే ఆయుధం కాలమే. విషవిరుగుడు రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది, అప్పటికే దెబ్బతిన్న కణాన్ని బాగుచేయలేదు. మంత్రగాడి దగ్గర పోయిన రెండు గంటలు మూత్రపిండం లెక్కలోకి వస్తాయి. కాలికి తాడు బిగించడం, కోయడం, పసరు తాగించడం హాని చేస్తాయి. నొప్పికి డైక్లోఫినాక్ ఇంజెక్షను కూడా వద్దు. అటువంటి మందులు మూత్రపిండానికి వెళ్ళే రక్తాన్ని మరింత తగ్గిస్తాయి.

విరుగుడు మీద కూడా పరిశోధన మిగిలే ఉంది. మన దేశంలో వాడే విషంలో అధికభాగం తమిళనాడులోని ఇరుళర్ల సహకార సంఘం సేకరించేది. పాము జాతి ఒకటే అయినా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుంది. 2024లో కేంద్రం పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. డెల్టా రోగుల వివరాలను డెల్టాలోనే నమోదు చేసి అధ్యయనం చేయడానికి ఇది మంచి అవకాశం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

గుడివాడ దగ్గర నాట్లు వేస్తుండగా 50 కిలోల మహిళను రక్తపింజరి కరిచింది. ఆసుపత్రిలో మొదటి 6 గంటల్లో ఆమెకు 120 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది. క్రియాటినిన్ 0.8, రిపోర్టులో ‘నార్మల్’. పాత రిపోర్టు లేదు. ఆమెను ఇంటికి పంపవచ్చా? ఏ ప్రమాణం ఆధారంగా నిర్ణయిస్తారో లెక్క వేసి రాయండి.