కలిసి కూర్చుంటే ముఠాయేనా?

నాయుడుపేట దగ్గరి మేనకూరు సెజ్, అంటే పరిశ్రమల కోసం కేటాయించిన ప్రత్యేక ఆర్థిక మండలి, దానికి దక్షిణంగా తడ, శ్రీసిటీల కర్మాగారాలు చుట్టుపక్కల పల్లెల స్త్రీలకు ఉపాధినిస్తున్నాయి. ఒకే షిఫ్టు, ఒకే బస్సు కావడంతో అక్కడ కులం ఊసే లేదనిపిస్తుంది. అలాంటి చోట దళితవాడల నుంచి వచ్చిన నలుగురు స్త్రీలు ఒకచోట చేరి క్యారియర్లు విప్పితే చూసేవారికి అది ముఠాగా తోస్తుంది. పైకులాల స్త్రీలు అలాగే కూర్చుంటే మాత్రం స్నేహంగానే చెలామణీ అవుతుంది.

"మీదేవూరు, ఊళ్లో ఏ వీధి?" అని మొదలై "మీరేమిట్లు?" దాకా సాగే ఆరా ఆ నలుగురి బంతిలో ఉండదు, ఏం వండుకొచ్చారో దాచుకోవలసిన పనీ ఉండదు. కులం అడగకుండా గది అద్దెకిచ్చేదెవరో, ఏ సూపర్‌వైజరు మాట హద్దు మీరుతుందో ఒకరి ద్వారా ఒకరికి తెలిసేది అక్కడే.

అమెరికాలో నల్లజాతి విద్యార్థులు భోజనశాలలో కలిసి కూర్చోవడం వేర్పాటు కాదని, జాతివివక్షను తట్టుకునే మార్గమని మనస్తత్వవేత్త బెవర్లీ డేనియల్ టేటమ్ 1997లో రాసిన పుస్తకంలో వివరించారు. అంతకుముందే, జనరల్ మోటార్స్‌పై నల్లజాతి స్త్రీలు వేసిన దావాను న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్‌షా 1989లో విశ్లేషించారు. స్త్రీల పేరిట తెల్లవారికి, నల్లవారి పేరిట పురుషులకు పని దొరికిన చోట నల్లజాతి స్త్రీల నష్టం ఏ పద్దులోనూ కనిపించదని, జాతి, లింగ వివక్షలు కలిసి పనిచేసే ఈ తీరును చట్టం గుర్తించలేదని చూపారు. మన దేశంలో దళిత స్త్రీల గొంతు ప్రత్యేకంగా ఎందుకు వినిపించాలో రాజనీతి శాస్త్రవేత్త గోపాల్ గురు 1995లో చర్చించారు.

అయితే దళిత స్త్రీల ఈ ఐక్యతను ఏకశిలగా ఊహించుకోవడమూ పొరపాటే. దళిత స్త్రీల రచనలతో రచయిత్రి గోగు శ్యామల 'నల్లపొద్దు' సంకలనం తెచ్చిన తరువాత, మాదిగ, ఉపకులాల స్త్రీల కథలతో 'నల్లరేగటి సాల్లు' విడిగా రావడం లోపలి తేడాలకు సాక్ష్యం.

మళ్లీ కర్మాగారానికి వస్తే, పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కానీ ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కకముందు, నమ్మినవారి చెవిన పడాలి. కలివిడి పేరుతో అలాంటి బంతిని చెదరగొట్టే యాజమాన్యం, బాధితురాలు నోరు విప్పగలిగే మొదటి చోటునే మూసేస్తుంది.