ఒక రెక్క పొట్టి, ఒక రెక్క పొడుగు!

మీకు తెలుసా? విమానానికి కుడి ఎడమలు ఒకేలా ఉండాలన్న రూలేమీ లేదు! అమెరికాలో బర్ట్ రుటాన్ అనే డిజైనర్ 1996లో సొంతానికి ఒక విమానం కట్టుకున్నాడు. దాని కుడి రెక్క ఎడమ రెక్క కన్నా 57 అంగుళాలు పొట్టి. ఒక ఇంజను ముక్కు మీద, రెండోది పక్కనున్న ఇంకో గొట్టం మీద. పేరు బూమరాంగ్. ఇదంతా తిక్క కాదు. ఒక ఇంజను ఆగిపోయినా విమానం పక్కకు లాగెయ్యకూడదనే ఈ ఏర్పాటు. చూడ్డానికి అష్టావక్రుడు, లెక్కలో మహాజ్ఞాని!

ఈ రుటాన్ 1982లో పెట్టిన కంపెనీయే స్కేల్డ్ కాంపోజిట్స్. ఊరు కాలిఫోర్నియా ఎడారిలోని మొహావీ. చూడ్డానికి ఏమీ ఉండదక్కడ, ఎగరడానికి మాత్రం బోలెడంత ఆకాశం.

కంపెనీ పేరులో ‘స్కేల్డ్’ ఎందుకుందో తెలుసా? పెద్ద కంపెనీలు కొత్త విమానం కట్టే ముందు వీళ్ల దగ్గరికొచ్చి ‘ముందొక చిన్నది చేసి ఎగరేసి చూపించండి’ అనేవి. 1983లో బీచ్‌క్రాఫ్ట్ కోసం స్టార్‌షిప్ అనే విమానాన్ని 85 శాతం సైజులో కట్టి ఎగరేశారు. చిన్నది భేషుగ్గా ఎగిరింది. పెద్దది మార్కెట్లోకొచ్చాక 53 దగ్గరే ఆగిపోయింది. వాటిలో చాలామటుకు కంపెనీయే వెనక్కి తీసుకుని తుక్కు చేసింది. ఆ 15 శాతంలోనే ఏదో తేడా కొట్టినట్టుంది!

మీకు తెలుసా? రుటాన్ తొలినాళ్ల లాంగ్ ఈజీ విమానం ఆగినప్పుడు ఒంటెలా మోకాళ్ల మీద కూర్చుంటుంది! ఇంజను వెనక ఉంటుంది కాబట్టి పైలట్ దిగితే తోక బరువుకి వెనక్కి వాలిపోయే ప్రమాదం. అందుకే ముందు చక్రం మడిచేసి ముక్కు నేలకానిస్తారు. ఎయిర్‌పోర్టులో వరసగా నాలుగు ఉంటే నమాజు చేస్తున్నట్టే ఉంటుంది.

ఈ విమానాల్ని ఫ్యాక్టరీలో కట్టరు. ఎవరింట్లో వాళ్లు కట్టుకుంటారు! ఫోమ్ దిమ్మెను వేడి తీగతో వెన్నముద్దలా కోసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, ఎపాక్సీ పూస్తే రెక్క రెడీ. అచ్చులక్కర్లేదు, రివెట్లక్కర్లేదు. ఓర్చుకునే ఇల్లాలుంటే చాలు.

వీటికి తోక దగ్గరుండాల్సిన చిన్న రెక్క ముక్కు దగ్గరుంటుంది. ఆ అమరికను ‘కనార్డ్’ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం తెలుసా? బాతు!

రెక్క అడ్డంగా తిరిగే విమానం గురించి విన్నారా? నాసా కోసం రుటాన్ డిజైన్‌లో పాలుపంచుకున్న ఏడీ-1 అది. 1979 డిసెంబరులో మొదటిసారి ఎగిరింది. నేల మీద మామూలుగానే ఉంటుంది. గాల్లోకెళ్లాక ఒకే పట్టీలా ఉన్న రెక్క మొత్తాన్ని కత్తెరలా తిప్పేస్తారు, 60 డిగ్రీల దాకా! ఒక కొస ముందుకి, ఒక కొస వెనక్కి. కింద నుంచి చూసేవాళ్లకు విరిగిపోయిందనే అనిపిస్తుంది. 79 సార్లు ఎగిరింది, ఒక్కసారీ విరగలేదు.

ఇక అసలు కథ. నన్నడిగితే మిగతావన్నీ ఒక ఎత్తు, వాయేజర్ ఒక్కటీ ఒక ఎత్తు.

మధ్యలో ఎక్కడా ఆగకుండా, గాల్లోనూ ఇంధనం పోయించుకోకుండా ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి విమానం ఇదే. దీని తొలి బొమ్మ ఎక్కడ గీశారో తెలుసా? హోటల్లో భోజనం చేస్తూ, మూతి తుడుచుకునే పేపరు మీద! 1981లో ఆ బల్ల దగ్గరున్నవాళ్లు ముగ్గురు: బర్ట్, ఆయన అన్న డిక్, జీనా యేగర్. ధ్వని వేగాన్ని దాటిన చక్ యేగర్‌కూ ఈవిడకూ చుట్టరికం లేదు, ఇంటిపేరొక్కటే కలిసింది.

వాయేజర్ ఒంటి బరువు 426 కిలోలు. దాన్లో పోసిన పెట్రోలు దాదాపు 3,180 కిలోలు. మనిషి తన బరువుకి ఏడు రెట్ల నీళ్లు తాగి పరిగెత్తినట్టు!

1986 డిసెంబరు 14, ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. రన్‌వే పొడవు 15,000 అడుగులు. విమానం కదిలింది. పెట్రోలు బరువుకి రెక్కల కొసలు వంగి కాంక్రీటు మీద రాసుకుంటూ పోతున్నాయి. లోపలున్న డిక్, జీనాలకు ఆ సంగతి తెలీదు. పది వేల అడుగులైంది, లేవలేదు. పన్నెండు వేలు, లేవలేదు. 14,200 అడుగుల దగ్గర... లేచింది! రెక్కల కొసలకున్న చిన్న ఫలకాలు అప్పటికే అరిగి వేలాడుతున్నాయి. గాల్లో విమానాన్ని అటూ ఇటూ జాడించి వాటిని విదిలించుకుని, మొండి రెక్కలతోనే ప్రపంచయాత్రకు బయల్దేరారు.

ఇద్దరికీ కలిపి ఉన్న చోటు, టెలిఫోన్ బూత్‌ను పడుకోబెడితే ఎంతో అంత. స్లీపర్ బస్సులో పై బెర్తు గుర్తుందిగా? తొమ్మిది రోజులు అందులోనే! చివరి రాత్రి ఇంజను ఆగింది కూడా. మళ్లీ స్టార్టయింది, వాళ్ల అదృష్టం. మొత్తం 9 రోజుల 3 నిమిషాల 44 సెకన్లకు, డిసెంబరు 23న, బయల్దేరిన చోటే దిగారు. ట్యాంకుల్లో మిగిలిన పెట్రోలు ఎంతో తెలుసా? సుమారు 48 కిలోలు!

ఆ ప్రయాణాన్నే ఒంటరిగా చేస్తే? 2005లో స్టీవ్ ఫాసెట్ స్కేల్డ్ కాంపోజిట్స్ కట్టిన గ్లోబల్‌ఫ్లయర్‌లో 67 గంటల్లో ముగించాడు. టేకాఫ్ బరువులో 83 శాతం ఇంధనమే. భోజనం? మిల్క్‌షేకులు.

ఈ కంపెనీ విమానాలే చేస్తుందనుకుంటున్నారా? కాదు! 1988 అమెరికాస్ కప్ పడవ పందెంలో గెలిచిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్’ తెరచాప వీళ్లదే. అది గుడ్డ కాదు, నిలబెట్టిన విమానం రెక్క! 1992లో జనరల్ మోటార్స్ చూపించిన అల్ట్రాలైట్ కారు బాడీ కూడా వీళ్లదే. నలుగురు కూర్చునే కారు, బరువు 635 కిలోలు. మరుసటేడాదే ‘డెమోలిషన్ మ్యాన్’ సినిమాలో వేషం కట్టింది.

సినిమా అంటే గుర్తొచ్చింది. ఏరెస్ అనే జెట్ 1990లో ఎగిరింది. దీని తుపాకీ కుడివైపు, ఇంజనుకు గాలి పీల్చే రంధ్రం ఎడమవైపు మాత్రమే. తుపాకీ పొగ ఇంజన్లోకి వెళ్లకూడదని ఆ జాగ్రత్త. సైన్యం కొనలేదు. ‘ఐరన్ ఈగిల్ 3’ సినిమాలో మాత్రం విలన్ల రహస్య విమానంగా ఛాన్సు దొరికింది!

ప్రోటియస్ విమానం మాటేమిటి? గ్రీకు పురాణంలో రూపాలు మార్చే సముద్రదేవుడి పేరది, మన భాషలో కామరూపి. ఊరి మీద గంటల తరబడి గుండ్రంగా తిరుగుతూ కిందనున్నవాళ్లకు ఇంటర్నెట్ ఇవ్వాలని దీన్ని కట్టారు. ఆ వ్యాపారం సాగలేదు. కానీ 2000లో 63,245 అడుగుల ఎత్తుకెళ్లి తన తరగతిలో రికార్డు కొట్టింది. నెట్ రాలేదు గానీ సిగ్నల్ మాత్రం ఫుల్లు!

మీకు తెలుసా? బ్యాడ్మింటన్ కాక్ అంతరిక్షం నుంచి సురక్షితంగా దిగగలదు! ఈ కంపెనీ కట్టిన స్పేస్‌షిప్‌వన్ నౌక చేసింది అదే. పైకెళ్లాక రెక్క వెనక సగాన్ని తోకతో సహా పైకి మడిచేస్తుంది. ఇక ఎలా పడినా పొట్టే కిందికి తిరుగుతుంది. హైదరాబాదు కుర్రాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దాని రాకెట్లో ఇంధనం ఏమిటో చెప్పుకోండి? రబ్బరు! దాన్ని మండించేది పళ్ల డాక్టర్లు వాడే నవ్వించే వాయువు, నైట్రస్ ఆక్సైడ్. అయితే అది ఎప్పుడూ నవ్వించదు. 2007లో దాంతోనే మొహావీలో పరీక్ష చేస్తుంటే పేలుడు జరిగి ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. ఇక్కడ జోకు లేదు.

2004 జూన్ 21న పైలట్ మైక్ మెల్విల్ ఆ నౌకలో అంతరిక్షపు హద్దయిన 100 కిలోమీటర్ల గీత దాటాడు. పైన ఏం చేశాడో తెలుసా? జేబులోంచి గుప్పెడు ఎం అండ్ ఎం చాక్లెట్ గోళీలు తీసి గాల్లో వదిలాడు! వయసు? 63.

సెప్టెంబరు 29న ఆయనే మళ్లీ వెళ్తే నౌక గిరగిరా 29 చుట్లు తిరిగింది. అయినా గమ్యం చేరాడు. అక్టోబరు 4న బ్రయన్ బిన్నీ 112 కిలోమీటర్లకు వెళ్లడంతో కోటి డాలర్ల ఎక్స్ ప్రైజ్ చేతికొచ్చింది. ఈ నౌకకు డబ్బు పెట్టిన పాల్ ఆలెన్‌కు అయిన ఖర్చు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. కోళ్లపందేల్లో కూడా ఇంతకన్నా మెరుగైన లెక్కలుంటాయి!

2021 జులైలో మన తెలుగమ్మాయి బండ్ల శిరీష అంతరిక్షపు అంచుకెళ్లింది కదా? ఆ యూనిటీ నౌకను రెక్క కింద కట్టుకుని పైకి మోసుకెళ్లిన తల్లి విమానం ‘ఈవ్’ ఎవరు కట్టారనుకున్నారు? మొహావీ వాళ్లే.

ప్రపంచంలో అతి పొడవైన రెక్క ఎవరిది? ఇంకెవరిది! 2019 ఏప్రిల్ 13న ఎగిరిన స్ట్రాటోలాంచ్ ‘రాక్’ది, 385 అడుగులు. రైట్ సోదరుల మొదటి ప్రయాణం మొత్తం 120 అడుగులే. అలాంటివి మూడు ఈ రెక్క మీదే కానిచ్చేయొచ్చు, ఇంకా చోటు మిగులుతుంది. ఆరు ఇంజన్లు, 28 చక్రాలు, రెండు ఒళ్లు. గండభేరుండానికి ఒంటికి రెండు తలలైతే దీనికి రెక్కకి రెండు ఒళ్లు. పైలట్లు కుడి ఒంట్లోనే కూర్చుంటారు, ఎడమ కాక్‌పిట్ ఖాళీ! డబ్బు పెట్టిన పాల్ ఆలెన్ మాత్రం ఇది ఎగరడం చూడలేదు. ఆరు నెలల ముందే పోయాడు.

రిటైరవుతూ రుటాన్ కంపెనీకి చివరగా గీసింది బైపాడ్, ఎగిరే కారు. దీనికీ రెండు ఒళ్లే. ఒకదాన్లో స్టీరింగు, ఇంకోదాన్లో విమానం పుల్ల. రోడ్డు మీద ఒక సీటు, గాల్లో ఇంకో సీటు!

చివరగా ఒక్కటి. ప్లూటో దగ్గరికి వెళ్లిన న్యూ హొరైజన్స్ నౌకలో స్పేస్‌షిప్‌వన్ నుంచి కోసిన చిన్న కార్బన్ ఫైబర్ ముక్క ఉంది. దాని మీద ప్లూటోను గ్రహమనే చెక్కారు. 2006 జనవరిలో బయల్దేరింది. అదే ఏడు ఆగస్టులో ప్లూటోకు గ్రహం హోదా పీకేశారు! 2015లో ప్లూటోను దాటిన ఆ ముక్క, అదే రాతతో, ఇప్పటికీ దూరంగా పోతూనే ఉంది.