తొడ వెనుక తిమ్మిరి - ఏ నరం పని?

"బల్ల మీద కాసేపు కూర్చుని లేస్తే తొడ వెనుక మొద్దుబారుతోందండీ, పక్షవాతం రాదు గదా?" అని మా ఓ.పి.లో తరచుగా అడుగుతుంటారు. ఆ చోటికి స్పర్శనిచ్చే నరం ఒకటుంది. దాని పేరు పోస్టీరియర్ ఫెమోరల్ క్యుటేనియస్ నరం. పేరు పొడుగే గాని, తొడ వెనుక చర్మపు నరం అనే దాని అర్థం.

నడుము కింద, త్రికాస్థి దగ్గరి మొదటి మూడు నరాల వేళ్ళ నుండి ఇది పుడుతుంది. పిరుదులోని పెద్ద కండరం కింద, సయాటిక్ నరం పక్కనే దిగుతుంది. సయాటిక్ నరం దాదాపు బొటనవేలంత వెడల్పుంటుంది, ఇది సన్నది. కొన్ని కొమ్మలను పిరుదు కింది భాగానికి, మర్మాంగాల పక్క చర్మానికి పంపి, తొడ వెనుక మధ్యగా సాగి, మోకాలి మడత దాటి పిక్క సగం వరకు పోతుంది.

ఇది ఏ కండరాన్నీ కదిలించదు. కనుక ఈ ఒక్క నరమే నలిగితే మంట, తిమ్మిరి ఉంటాయి గాని కాలు బలం తగ్గదు. మునివేళ్ళ మీద, మడమల మీద నడవగలరు. నొప్పి పాదం దాకా దిగినా, నడుస్తుంటే పాదం వాలిపోతున్నా అది సయాటిక్ నరానికో, వెన్నుకో సంబంధించినది కావచ్చు.

గట్టి చెక్క మీద గంటల తరబడి కూర్చోవడం, ఎక్కువసేపు సైకిలు తొక్కడం, పిరుదుల మీద పడటం దీన్ని నొక్కుతాయి. తప్పు చోట వేసిన ఇంజక్షను కూడా అంతే. తుంటికి సూది వేస్తే పై భాగంలో, బయటి వైపునే వేయాలి. మాత్రతో తగ్గే జ్వరానికి "సూది వేయండి డాక్టరు గారూ" అని పట్టుబట్టే అలవాటు మనవాళ్ళలో ఇంకా పోలేదు!

తిమ్మిరి ఉన్నచోట చర్మం రంగు కూడా చూసుకోండి. పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ ఉండి, దానిమీద స్పర్శ లేకపోతే కుష్ఠు పరీక్ష చేయించాలి. దాచుకోవలసిన జబ్బు కాదది. మందులు ఉచితం, వాడితే నయమవుతుంది.

రెండు పిరుదుల మధ్య, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయి, మూత్రం బందయినా, తెలియకుండా పోతున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. వెన్ను అడుగున నరాల కట్ట నొక్కుకుపోతోందన్నమాట. ఆలస్యమైతే ఆ అదుపు మళ్ళీ రాకపోవచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకురండి.

మామూలు తిమ్మిరైనా రెండు వారాల్లో తగ్గకపోతే ఓ.పి.కి రండి. వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. షుగరు ఉంటే ముందే చెప్పండి. ఈ మధ్య తుంటికి ఇంజక్షను చేయించుకుని ఉంటే ఏ వైపునో కూడా చెప్పండి.