రాజకీయాలతో ట్రిప్‌ క్యాన్సిల్‌.. నాగార్జున మాల్దీవుల టికెట్ల నుంచి టర్కీ దాకా! మరి డబ్బుల సంగతి?

'నా సామిరంగ' పని అయ్యాక రెస్ట్‌ కోసం 2024 జనవరి 17న మాల్దీవులు వెళ్లాలనుకున్నారు నాగార్జున. వెళ్లలేదు. టికెట్లు క్యాన్సిల్‌ చేశానని సినిమా ప్రమోషన్‌ ఇంటర్వ్యూలో ఆయనే చెప్పారు. బదులుగా లక్షద్వీప్‌ వెళ్తానన్నారు.

ఇంతకీ ఏమైందంటే.. ప్రధాని మోదీ లక్షద్వీప్‌ ఫొటోలు పోస్ట్‌ చేస్తే, మాల్దీవుల డిప్యూటీ మంత్రులు ముగ్గురు నోరు జారారు. అక్కడి ప్రభుత్వం వాళ్లను సస్పెండ్‌ చేసినా ఇక్కడ కోపం చల్లారలేదు. 2023లో మాల్దీవులకు మనవాళ్లు 2.09 లక్షల మంది వెళ్లారు. విదేశీ టూరిస్టుల్లో మనమే ఫస్ట్‌. 2024లో ఆ సంఖ్య సుమారు 1.30 లక్షలకు పడిపోయింది, స్థానం ఆరుకు జారింది. చివరికి ఆ దేశ టూరిజం మంత్రే 'దయచేసి రండి' అని అడగాల్సి వచ్చింది.

2025 మేలోనూ ఇదే సీన్‌. ఆపరేషన్‌ సిందూర్‌ టైమ్‌లో టర్కీ, అజర్‌బైజాన్‌ పాకిస్తాన్‌ వైపు నిలిచాయి. వారం రోజుల్లోనే ఆ రెండు దేశాల బుకింగ్స్‌ 60 శాతం తగ్గాయని, క్యాన్సిలేషన్లు 250 శాతం పెరిగాయని మేక్‌మైట్రిప్‌ ప్రకటించింది.

కోపం టూర్ల మీదే ఎందుకు? ఎందుకంటే బీచ్‌ మారిస్తే పెద్దగా పోయేదేం లేదు. గల్వాన్‌ తర్వాత చైనా వస్తువులు వద్దన్న మనమే చైనా ఫోన్లు కొన్నాం కదా! అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్లాల్సిన తల్లి, అక్కడి ప్రభుత్వం నచ్చలేదని ఆగిపోతుందా? పైగా టూర్‌కి వెళ్తే ఫొటో పెట్టాలి. పెడితే కింద ఏం కామెంట్లు వస్తాయో తెలుసు. నమ్మకం కొంత, ఈ మొహమాటం కొంత.

సినిమా స్టార్‌కి టికెట్‌ డబ్బులు లెక్క కాకపోవచ్చు. జవహర్‌నగర్‌లో చిట్టీ ఎత్తి ఫ్యామిలీ ప్యాకేజీ కట్టినవాళ్లకు మాత్రం అదే అసలు లెక్క. మాల్దీవులకైనా, టర్కీకైనా వెళ్లొద్దని ప్రభుత్వం నిషేధం పెట్టలేదు. కాబట్టి మీ అంతట మీరు ఆగిపోతే మామూలు క్యాన్సిలేషన్‌ రూల్సే. నాన్‌ రిఫండబుల్‌ హోటల్‌ అయితే ఆశ వదులుకోవడమే. ఫ్లైట్‌ టికెట్‌ నాన్‌ రిఫండబుల్‌ అయినా సరే పన్నులు, ఎయిర్‌పోర్ట్‌ ఫీజులు వెనక్కి ఇవ్వాలని డీజీసీఏ రూల్‌ ఉంది. అది మాత్రం అడిగి తీసుకోండి.