గోల్ఫు స్వింగున తొలి మూరెడు

గోల్ఫు ఆటయందు క్లబ్బు బంతిని తాకియుండు కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ తాకిడి చేతుల ద్వారమున మెదడునకు తెలియులోపలనే బంతి గాలిలోనికి లేచిపోయియుండును. అంతకు ముందు క్లబ్బు పైనుండి క్రిందికి దిగివచ్చుటకు పట్టు కాలమైనను ఇంచుమించు పావు సెకను గనుక, ఆ దిగుదలలో దోషమేదేని తోచినను దానిని గుర్తించి దిద్దుకొనునంతటి వ్యవధి మానవశరీరమునకు లేదు. అయినను క్రొత్తగా ఆట నేర్చువారి చిత్తమంతయు, ఏమియు చేయుటకు వీలులేని ఆ క్షణముమీదనే లగ్నమై యుండును. ఏదేని చేయుటకు వీలున్న చోటు వేఱొకటి కలదు. బంతి వెనుక నిలిచియున్న క్లబ్బు మొట్టమొదట వెనుకకు కదలు మూరెడు, రెండు మూరల దూరమే అది. ఆటగాండ్రు దానిని టేక్‌అవే యందురు. క్లబ్బు బంతిని విడిచినది మొదలు, నడుము మట్టమునకు వచ్చి దాని కాడయగు షాఫ్టు నేలకు సమాంతరమగు వఱకు గల భాగమని స్థూలముగా చెప్పవచ్చును.

ఈ భాగము మన యిచ్ఛకు లొంగుటకు హేతువు దాని మందగమనమే. అట్లని దానిని బలవంతముగా జాగు చేయరాదు. అమెరికా దేశీయుడగు జాన్ నొవొసెల్, పేరుమోసిన ఆటగాండ్ర స్వింగుల చలనచిత్రములను బొమ్మ వెంట బొమ్మగా లెక్కించి, క్లబ్బు పైకి పోవుటకు పట్టు కాలము క్రిందికి వచ్చుటకు పట్టు కాలమునకు దాదాపు మూడు రెట్లుండునని 2004లో టూర్ టెంపో అను గ్రంథమున వివరించెను. వారిలో చుఱుకుగా ఆడువారును, నింపాదిగా ఆడువారును ఉండిరిగాని ఆ నిష్పత్తి మాత్రము అంతగా మారలేదు. "నెమ్మది, నెమ్మది" యని శిష్యుని చెవిలో జపించు గురువులయెడ నాకు గౌరవము లేకపోలేదు గాని, మితిమీరిన జాగువలన కండరములు బిగిసికొనిపోయి, తుదకు క్లబ్బును ఒక్కుమ్మడిగా క్రిందికి లాగుటయే ఫలమగుట తఱచు కానవచ్చుచుండును. బయలుదేరునపుడు కుదుపు లేకున్న చాలును.

గోల్కొండ కోట నయాఖిలాలోని మైదానమున గాని, విశాఖపట్టణపు ఈస్ట్ పాయింట్ క్లబ్బున గాని, మఱి యే దేశపు అభ్యాసస్థలమున గాని వరుసగా నిలిచి బంతులు కొట్టువారిని వెనుకనుండి పరికించినచో, ఈ తొలి కదలికలోని దోషములు రెండు మూడు తెగలుగా కానవచ్చును. కుడిచేతివాటము వారిని దృష్టియందుంచుకొని చెప్పుచున్నాను. ఎడమచేతివాటము వారు దిక్కులు మార్చి చదువుకొనవలయును. అన్నిటికంటె వ్యాపకమైన దోషము, క్లబ్బును చేతులతోనే త్రిప్పి వెనుకకు లాగుట. ముంజేతులు కుడివైపునకు దొర్లును. బంతిని తాకు ముఖమగు క్లబ్‌ఫేసు ఆకాశమువైపు తెఱచుకొనును. క్లబ్‌హెడ్డు నడుము మట్టమునకు రాకమునుపే ఆటగాని వీపు వెనుకకు చొచ్చిపోవును. అచ్చటినుండి ముందునకు దారిలేదు గనుక చేతులను నిలువుగా పైకెత్తవలసివచ్చును. అట్లెత్తినదానిని బంతికి చేర్చుటకు కుడిభుజమును ముందుకు త్రోయవలసివచ్చును. త్రోసినంతనే క్లబ్బు వెలుపలినుండి లోపలికి బంతిని కోసికొనుచు దాటిపోవును. బంతి మొదట ఎడమకు బయలుదేరి, పిదప కుడివైపునకు వంపు తిరిగి, ఏ చెట్లలోనో నీటిలోనో పడును. స్లైసు అనబడు ఈ వ్యాధికి గ్రిప్పు మార్చియు, పాదముల నిలుకడ మార్చియు, వేలకు వేలు పోసి డ్రైవరు అను క్లబ్బునే మార్చియు చికిత్స చేసికొనువారు పెక్కుమంది గలరు. అందఱికిని కాకున్నను వారిలో అనేకులకు వ్యాధిమూలము బంతికి మూరెడు వెనుకనే యున్నది.

రెండవ తెగవారు ఇందుకు విపరీతముగా, తొలి క్షణముననే మణికట్టులు వంచి క్లబ్బును నిలువుగా ఎత్తివేయుదురు. మొండెము కదలదు, చేతులే కదలును. స్వింగు వలయము కుంచించుకొనిపోయి, క్లబ్బు నిటారుగా దిగి బంతితోపాటు నేలనుగూడ త్రవ్వును. ఇక తిరుగుటకు బదులు శరీరమంతయు కుడికి జరిగిపోవువారున్నారు; వారు మరల సరిగా అంతే దూరము ఎడమకు జరుగవలెను గనుక వారి ఆట దినమునకొక తీరుగా నుండును.

మఱి సరియైన కదలిక యెట్టిది? రెండు భుజములును రెండు చేతులును కలిసి యేర్పఱచు త్రికోణమును చెడనీయక, ఱొమ్ము కుడివైపునకు తిరుగుటచేతనే క్లబ్బు కదలవలయును. కావడి మోయువాడు ప్రక్కకు తిరిగినపుడు కావడిబద్ద వాని భుజములతో గూడి తిరుగునేగాని తాను వేఱుగా పోదు. చేతులకును మొండెమునకును ఇచ్చట గల సంబంధము అట్టిది. షాఫ్టు నేలకు సమాంతరమైన చోట ఆగి చూచుకొన్నచో, అది బంతి పోవలసిన గీతకుగూడ సమాంతరముగా నుండవలెను; ఆ గీతకు సూటిగా వెనుక నిలిచి చూచువానికి క్లబ్‌హెడ్డు చేతులను కప్పినట్లుగానో, చేతులకు ఒకింత వెలుపలగానో కనబడవలెను. క్లబ్‌ఫేసు ఆకాశమును చూడక, వంగియున్న వెన్నెముకకు అనుగుణముగా నేలవైపు కొంచెము వాలియుండుట మేలు. క్లబ్‌హెడ్డు మొన నిటారుగా నిలుచుటయు పలువురు గురువులకు సమ్మతమే.

ఇందు దేనిది మొదటి కదలిక యను విషయమున పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. బెన్ హోగన్ 1957లో హెర్బర్ట్ వారెన్ విండ్ సాహాయ్యమున వెలువరించిన ఫైవ్ లెసన్స్ అను గ్రంథమున హస్తములు, చేతులు, భుజములు, తుంటి అను క్రమమును విధించెను. ఒకదానికొకటి రెప్పపాటులో సగమైనను ఎడము లేదనియు అంగీకరించెను. హోగన్ వంటి హస్తకౌశలము గలవానికి ఆ క్రమము చెల్లును. హస్తముల చాపల్యమే రోగమైన సామాన్యునితో హస్తములను ముందు కదల్పుమనుట అపథ్యమని నా యభిప్రాయము. వానికి ఱొమ్ము బయలుదేరినట్లు తోచిన చాలును, హస్తములు ఎట్లును వెంట వచ్చును.

పాత పుస్తకములను చదువువారు మఱియొక సంగతి గమనింపవలెను. 1930లో ఒక్క యేటనే నాలుగు మహాపోటీలను గెలిచిన బాబీ జోన్స్ స్వింగున, హస్తములు ముందు కదలి క్లబ్‌హెడ్డు వానివెనుక ఈడ్వబడుచున్నట్లు కనబడును. ఆయన చేతనున్నది హికరీ కఱ్ఱతో చేసిన షాఫ్టు. అది వంగుటయే గాక మెలితిరుగును గూడ, కావున దానిని బుజ్జగించి కదల్పవలసియుండెను. ఉక్కు షాఫ్టులను ఆట నియమములు విధించు సెంట్ ఆండ్రూస్ పెద్దలు 1929లో అనుమతించినపిదప ఆ బుజ్జగింపునకు అవసరము క్రమముగా తొలగిపోయెను. ఆనాటి ఉపదేశమును నేటి క్లబ్బునకు అన్వయించువారు వ్యర్థప్రయాస పడుచున్నారు.

టేక్‌అవే చెడుటకు తఱచు కారణము దానికి ముందున్న నిశ్చలత. బంతిని చూచుచు శిలవలె నిలిచినవాడు హఠాత్తుగా కదలవలసివచ్చినపుడు, మొదట కదలునవి శరీరమున మిక్కిలి చుఱుకైన అంగములగు హస్తములే. కావుననే ప్రవీణులు బయలుదేరుటకు ముందొక చిన్న కదలికను కల్పించుకొందురు. గ్యారీ ప్లేయర్ కుడిమోకాలిని లక్ష్యమువైపు లోపలికి నొక్కెడివాడు. జాక్ నిక్లాస్ గడ్డమును కుడివైపునకు త్రిప్పెడివాడు. అంతేగాక క్లబ్‌హెడ్డును నేలకు ఆనింపక ఒకింత పైన నిలుపుటచే, గడ్డి తట్టుకొను భయము గాని, క్లబ్బును ఊడబెఱికినట్లు లాగవలసిన అవసరము గాని ఆయనకు లేకుండెను. హోగన్ క్లబ్బును వెనుకకు ముందుకు మెల్లగా ఆడించుట కేవలము అలవాటు గాదు, రాబోవు దెబ్బకు సంక్షిప్త సాధనము.

అభ్యాసమునకు బంతులతో పనిలేదు, మైదానమును అక్కఱలేదు. క్లబ్బును షాఫ్టు మీదికి జారి పట్టుకొని, గ్రిప్పు కొసను నాభికి ఆనించి, ఆ కొస నాభిని విడువకుండ క్లబ్‌హెడ్డును నడుము మట్టమువఱకు త్రిప్పుట యొక సాధనము. చేతులు స్వతంత్రించిన మఱుక్షణమే కొస పొట్టనుండి తొలగి తప్పును తానే చాటును. క్లబ్‌హెడ్డు వెనుక మఱియొక బంతినుంచి, బయలుదేరునపుడు దానిని వెనుకకు నెట్టుట రెండవది: మణికట్టులతో ఎత్తివేసినచో అది కదలనే కదలదు, ముంజేతులు దొర్లించినచో మన పాదములవైపు వంకరగా పోవును, సరిగా కదలినచో గీత వెంబడి తిన్నగా దొర్లి, చివర ఒకింత లోపలికి తిరుగును. ఇంటిలో బీరువా అద్దమున్నచో దానిని ప్రక్కన బెట్టుకొని, షాఫ్టు సమాంతరమైన చోట ఆగి చూచుకొనుట అన్నిటికంటె చవుకైన ఉపాధ్యాయత్వము. సరియైన చలనము మొదట విపరీతముగా తోచునని మాత్రము ముందే తెలిసియుండవలెను. క్లబ్బును వీపు వెనుకకు లాగుటకు అలవడినవానికి, తిన్నని త్రోవ ఎక్కడో వెలుపల నున్నట్లుండును.

ఇంతయు చెప్పినపిదప, ఈ శాస్త్రమును లెక్కచేయక గెలిచినవారిని పేర్కొనకున్న పక్షపాతమగును. రేమండ్ ఫ్లాయిడ్ క్లబ్బును లోపలికే లాగి నాలుగు మహాపోటీలు గెలిచెను. జిమ్ ఫ్యూరిక్ దానిని నిటారుగా ఎత్తి, పైన ఒక మెలి త్రిప్పి దింపును. ఆయన 2003లో యు.ఎస్. ఓపెన్ గెలిచి, 2016లో ఒక పోటీయందు తుదిదినమున 58 దెబ్బలతోనే పదునెనిమిది గుంతలను ముగించెను. తండ్రియే ఆయనకు గురువు. వక్రముగా బయలుదేరిన క్లబ్బును ప్రతి పర్యాయమును ఒకే తీరున దారికి తెచ్చు విద్యను ఈ యిరువురును బాల్యమునుండి అభ్యసించిరి. వారమునకొక దినము ఆడువానికి ఆ వెల చెల్లించు తాహతు లేదు.

ఆటయందు బంతి యెదుట నిలిచి, టేక్‌అవే తప్పినదని తోచినపుడు ఆగిపోవుటకు నియమములు అడ్డుచెప్పవు. క్లబ్బు ముందుకు వచ్చునదే దెబ్బగా గణింపబడును. వెనుకకు పోవునది దెబ్బ కాదు. కావున ఆగి, వెనుకకు తగ్గి, మరల నిలువవచ్చును. ఈ స్వాతంత్ర్యమును వినియోగించుకొనువారు అరుదు. ఇసుకగుంటయగు బంకరులో మాత్రము జాగ్రత్త వహింపవలెను, అచ్చట క్లబ్బు వెనుకకు పోవునపుడు ఇసుకను తాకుటయే దోషము. 2016 జులైలో కాలిఫోర్నియాయందు జరిగిన మహిళల యు.ఎస్. ఓపెన్‌లో, విజేతను తేల్చుటకు అదనముగా ఆడించిన గుంతలలో స్వీడన్ క్రీడాకారిణి అన్నా నార్డ్‌క్విస్ట్ క్లబ్బు, బంకరునుండి కొట్టబోవుచు బయలుదేరినపుడే కొన్ని ఇసుకరేణువులను స్పృశించెను. సమీపమున నున్నవారెవరికిని అది కనబడలేదు. దగ్గఱగా చూపిన వీడియో చిత్రము బయటపెట్టెను. రెండు దెబ్బల శిక్ష పడి, విజయము బ్రిటనీ లాంగ్‌కు దక్కెను. మఱుసటి యేడు ఏప్రిల్‌లో నియమకర్తలు, కంటికి కానరానిదానిని వీడియో మాత్రమే చూపినచో శిక్ష విధింపరాదని నిర్ణయించిరి. వెనుకకు పోవు క్లబ్బు బంకరులో ఇసుకను తాకరాదను నియమము మాత్రము 2019లో నియమావళిని సంస్కరించినపుడు సైతము తొలగింపబడలేదు.