నానమ్మ గదికి వైర్‌లెస్ థర్మోస్టాట్: సెటప్ చేసే ముందు ఇవి చూసుకోండి

మే వచ్చిందంటే జనగామలో మా ఇంట్లో రోజూ రాత్రి ఏసీ గొడవే. రెండింటికి నానమ్మ "సలి పెడ్తుంది బిడ్డా, బంద్ చెయ్" అంటుంది. బంద్ చేస్తే నాలుగింటికి చెమటతో లేస్తుంది. రిమోట్ మీద అంకెలు ఆమెకు కనిపించవు. నేనేమో వారాంతాల్లోనే ఇంటికి వెళ్తా. అందుకే బ్యాటరీ థర్మోస్టాట్ పెట్టాలని డిసైడయ్యా.

ఏం కొనాలి?

చలి దేశాల్లో వాడే రూమ్ థర్మోస్టాట్ బాయిలర్‌ని నడిపిస్తుంది, మన స్ప్లిట్ ఏసీకి పనికిరాదు. మనకు కావాల్సినవి మూడు: బ్యాటరీతో నడిచే జిగ్‌బీ టెంపరేచర్ సెన్సార్, దానికి హబ్, ఏసీకి రిమోట్‌లా సిగ్నల్ పంపే ఐఆర్ బ్లాస్టర్. కొన్ని మోడళ్లలో హబ్, బ్లాస్టర్ ఒకే డబ్బాలో వస్తాయి.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలకు 24 డిగ్రీలే డీఫాల్ట్. కానీ ఏసీ ఆ వేడిని కొలిచేది పైన, ఇండోర్ యూనిట్ గాలి పీల్చుకునే చోట. మంచం దగ్గర ఎలా ఉందో దానికి తెలియదు.

సెటప్

హబ్‌ని 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలపండి. సెన్సార్‌ని మంచం ఎత్తులో, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టండి. నేను మొదట పడమటి గోడకు అంటించా. ఎండకు కాగిన గోడ వల్ల రీడింగ్ ఎక్కువ చూపించి, ఏసీ ఆగనే లేదు.

రూల్: 28 దాటితే ఆన్, 26కి దిగితే ఆఫ్. ఈ తేడా తగ్గిస్తే కంప్రెసర్ మాటిమాటికీ ఆగి స్టార్ట్ అవుతుంది.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడే

ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. యాప్‌లో ఏసీ 'ఆన్', గదిలో 31 డిగ్రీలు. ఐఆర్ వన్‌వే: కమాండ్ వెళ్తుంది తప్ప, ఏసీ విన్నదో లేదో తిరిగి చెప్పదు. రౌటర్ ఆగిపోయినప్పుడు వెళ్లాల్సిన కమాండ్ అసలు వెళ్లనేలేదు. ఆ రాత్రంతా నానమ్మ విసనకర్రతోనే గడిపింది.

రౌటర్, హబ్ రెండూ ఇన్వర్టర్ మీదికి మార్చా. 20 నిమిషాల్లో వేడి తగ్గకపోతే మళ్లీ కమాండ్, బాపు ఫోన్‌కి అలర్ట్. ఆ కమాండ్ 'కూల్, 24' లాంటిదై ఉండాలి. ఒకే పవర్ బటన్ కోడ్ అయితే, నడుస్తున్న ఏసీ ఆగిపోతుంది.

మహబూబాబాద్, భూపాలపల్లి ఫ్రెండ్స్ కూలర్ సంగతి అడిగారు. తిప్పే నాబ్ ఉన్న కూలర్‌కి బ్లాస్టర్ వద్దు, దాని లోడ్‌కి సరిపడే స్మార్ట్ ప్లగ్ చాలు.

రిమోట్ మాత్రం దాచేయకండి. మేం ఆన్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించి నానమ్మ దిండు పక్కనే పెట్టాం.