కంప్యూటర్ ఓఎస్ ఎప్పుడు మార్చాలి?

ఇంటి కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ముందుగా చూడాల్సింది పాతదానికి భద్రతా అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోతాయన్నదే. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. గడువు దాటినా కంప్యూటర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. కానీ ఆ తర్వాత బయటపడే లోపాలు అలాగే ఉండిపోతాయి, వైరస్‌లకు అవే దారులవుతాయి.

2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన వానాక్రై వైరస్ ఇందుకు ఉదాహరణ. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే అప్‌డేట్ ఇచ్చింది. ఆ అప్‌డేట్ వేసుకోనివారి కంప్యూటర్లు వైరస్ బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. 2014లోనే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి దాడి మొదలయ్యాకే ఆ అప్‌డేట్ అందరికీ అందింది.

అలాగని విడుదలైన రోజే కొత్త వెర్షన్ ఎక్కించుకోవడమూ మంచిది కాదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ వెంటనే దాన్ని ఆపి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ విడుదల చేసింది. తొలి నెలల్లో ఇలాంటి లోపాలు బయటపడి సర్దుకుంటాయి కనుక కొంత కాలం ఆగడమే మేలు.

తర్వాత చూడాల్సింది కంప్యూటర్ సత్తా. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం లేదా ఆపైది ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ ఇవన్నీ పరీక్షించి చెబుతుంది. కొన్ని కంప్యూటర్లలో టీపీఎం ఉన్నా బయోస్ సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. పాత ప్రింటర్లకు కొత్త డ్రైవర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసేవారు తమ సాఫ్ట్‌వేర్ కొత్త ఓఎస్‌లో నడుస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

అర్హత లేని కంప్యూటర్‌ను పారేయనక్కర్లేదు. విండోస్ 10ను ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. బ్రౌజింగ్, ఉత్తరాలు, వీడియోలకే వాడేవారికి ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఓఎస్‌లు ఉచితంగా దొరుకుతాయి.

ఏ దారి ఎంచుకున్నా ముందు ఫొటోలు, పత్రాలు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. విండోస్ 11 నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల్లోపు పాతదానికి వెళ్లిపోవచ్చు. బ్యాంకు లావాదేవీలు జరిపే కంప్యూటర్‌ను మాత్రం మద్దతు ముగిసిన ఓఎస్‌తో ఇంటర్నెట్‌కు కలపకూడదు.